పడసాల కింది పాతర

బలసముద్రంలో పాత మిద్దె కొనాలని వచ్చినవాళ్లు గోడలు చూస్తారు, దూలాలకు చెద పట్టిందేమో గిల్లి చూస్తారు, గవాక్షిలోంచి వెలుతురు ఎంత పడుతోందో చూస్తారు. నన్ను వెంట పిలిస్తే నేను గడారి తిరగేసి పట్టుకుని పడసాల నేలంతా తట్టుకుంటూ పోతాను. గట్టి నేల పలుకు వేరు, డొల్ల నేల పలుకు వేరు. డొల్ల పలికిందంటే కింద గింజ దాచే పాతర ఉన్నట్టే. అది పొడిగా ఉందా, చెమ్మగిల్లిందా అన్నది తేలాకే బేరం మాట్లాడుకోమంటాను. తడిసిన పాతర అంచున లేచిన గోడ ఏ వానకు కుంగుతుందో ఎవరం చెప్పగలం?

మాది ఒడ్డెర ఇల్లు. ఇక్కడి కర్ణాటక కాగితాల్లో భోవి అని రాస్తారు. గెట్టు అవతల ఆంధ్రలో ఉన్న మా చుట్టాలు బి.సి.లు, ఇవతల మేము ఎస్.సి.లం. పిల్లనిచ్చి పుచ్చుకునేటప్పుడు ఎవరికీ గుర్తురాని ఈ తేడా, పిల్లల స్కాలర్‌షిప్పు దరఖాస్తుల దగ్గర మాత్రం తప్పకుండా గుర్తొస్తుంది. మా తాతది మన్ను పని. చెరువుకట్టలు, బావులు, పాతరలు. నాయన రాయి కొట్టాడు. నేను గోడలు కట్టే మేస్త్రీనయ్యాను. తాత తవ్విన గుంతల మీద మనవడు గోడలు లేపడమంటే వినడానికి బాగానే ఉంటుంది గానీ, పని చేసేవాడికి ప్రతి పునాదీ ఒక భయమే.

మా పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రే. 1799లో టిప్పు చనిపోయాక ఈ నేల మైసూరు రాజులకు దక్కింది. పక్కనున్న అనంతపురం సీమను నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు, థామస్ మన్రో అక్కడ కలెక్టరుగా కూర్చున్నాడు. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు కూడా ఆ పాత గీతే నిలిచింది. దాంతో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మేము పాతర అనేదాన్ని బడిలో అయ్యవార్లు హగేవు అంటారు. తవ్వకం మాత్రం గెట్టుకు ఇవతలా అవతలా ఒకటే.

ఇక్కడ పాతర ఎందుకు కుదిరిందంటే మొదటి కారణం కరువు. ఏడాదికి 600 మిల్లీమీటర్లు కూడా పడని వాన, అందులోనూ ఎక్కువ భాగం వానాకాలం చివరి రెండు మూడు నెలల్లో. ఉత్తర పినాకిని నాగలమడక పక్కనుంచే పోతుంది, కానీ చాలా నెలలు ఏరంతా ఇసుకే. పైన ఒక మూర ఎర్రమన్ను, దాని కింద గరుసు, ఆ కింద బండ. నల్లరేగడి అయితే తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చి పాతరను నమిలేస్తుంది. గరుసు కదలదు, నీటిని పట్టి ఉంచుకోదు. ఎండిన గరుసులో తవ్విన గుంతకు సున్నం కూడా అక్కరలేదని తాత అనేవాడు.

రెండో కారణం మనుషులు. మాకు దగ్గరి పెద్ద ఊరు శిరా. 1687లో మొగలులు దాన్ని సుబాకు ముఖ్యపట్నం చేసుకున్నారు, తర్వాత మరాఠాలు వచ్చారు, 1761లో హైదరలీ పట్టుకున్నాడు. ఏ సైన్యమైనా దారిలో ఊళ్ల మీద పడి తింటూ నడిచిన కాలం అది. గాదె కంటికి కనబడుతుంది, నిప్పు పెడితే పూటలో బూడిద. పడసాల కింద ఉన్నదాని మీద చాప పరిచి, చాప మీద ముసలమ్మను పడుకోబెడితే వెతకడానికి వచ్చినవాడు కూడా వెనక్కి పోయాడని మా ఊళ్లో చెప్పుకుంటారు. నిజమో కట్టుకథో గానీ, ఈ మిద్దెల్లో పాతర నోరు ఎక్కువగా మంచం వేసే చోటే దొరుకుతుంది.

ఆకారం కడవే. నోరు ఒక మనిషి చేతులు పైకెత్తి దిగడానికి పట్టేంత, లోపలికి పోయేకొద్దీ వెడల్పు, అడుగు గుండ్రం. మెడ దగ్గర రాతి కట్టు, దాని మీద బండ. తవ్విన మన్ను వీధిలో పోస్తే ఊరికంతా గుట్టు తెలిసిపోతుందని రాత్రిపూట గంపలతో మోసి చెరువు గట్టున పారబోసేవాళ్లట. ఇంటాయన తన పాతరలో ఎన్ని పల్లాలు పడతాయో తవ్వినవాడికి తప్ప ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆ గుట్టు దాచినందుకు తాతకు ఏటా కల్లం దగ్గర కొంత గింజ అందేది. కూలి కింద రాసుకునే లెక్క కాదది.

తవ్వకం ఒక వంతైతే ఆరబెట్టడం మూడు వంతులు. మా ఇంట్లో ఈ పనికి ఉన్న పట్టింపులు పెళ్లికి కూడా లేవు. పాతర ఖాళీ అయ్యేది సాధారణంగా ఎండాకాలంలో. బండ తీసి నోరు తెరిచి పెట్టి, ముందు లోపలి చెడుగాలి పోనివ్వాలి. తర్వాత పాత గడ్డంతా బయటికి లాగాలి. పక్కల్లో నల్లబడిన చోటు, బూజు పట్టిన చోటు, వేలితో గీరితే మెత్తగా రాలే చోటు పారతో చెక్కేయాలి. ఆపైన కందికట్టె, ఆముదపు కట్టె పైనుంచి జారవిడిచి కింద మంట పెట్టేవాళ్లు. ఆ వేడికి గరుసు పైపొర కాలి గట్టిపడుతుంది. ఏటేటా కాలిస్తే పక్కలు ఇటుక రంగుకు తిరుగుతాయి. నేను పునాదుల్లో తగిలిన పాతరలకు అందుకే వయసు కట్టగలను. ఎర్రపొర బెత్తెడు మందం ఉంటే అది చాలా తరాలు తిండి పెట్టిన పాతర.

మంట ఆరిన తర్వాత మళ్లీ తెరిచి ఉంచి, పూర్తిగా చల్లారాక ఎర్రమన్ను, పేడ, బూడిద కలిపి లోపల మెత్తేవాళ్లు. మెత్తినది ఆరిందా లేదా అన్నదానికి తాత దగ్గర ఒక పరీక్ష ఉండేది. మట్టి చిప్పలో గుప్పెడు కల్లుప్పు పోసి తాడుతో అడుగుకు దించి, నోరు మూసేవాడు. తెల్లారి తీస్తే ఉప్పు గలగలలాడాలి. చెమర్చిందా, ఇంకా ఆరలేదని లెక్క, మళ్లీ కాల్చాలి. ఇది మూఢనమ్మకం అని ఒక ఇంజనీరు నాతో అన్నాడు. నేను తర్వాత తెలుసుకున్నది వేరు. గాలిలో తేమ నూటికి 75 వంతులు దాటితే మామూలు ఉప్పు నీరు పీలుస్తుంది. శుద్ధి చేయని కల్లుప్పు అంతకన్నా ముందే చెమరుస్తుంది. గింజకు బూజు పట్టకుండా ఉండాలంటే చుట్టూ గాలిలో తేమ 70కి లోపే ఉండాలంటారు. మీటరు లేని కాలానికి చిప్పెడు ఉప్పు కన్నా మంచి కొలత ఏముంటుంది?

ఇంకో పట్టింపు, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది. వానాకాలంలో ఖాళీ పాతరను తాత తెరవనిచ్చేవాడు కాదు. ఎండల్లోనే ఆర్చి, అడుగున బూడిద పరిచి, బండ వేసి, మన్ను మెత్తి మూసేసేవాడు. రాగి కోత కార్తీకం, మార్గశిరాల్లో. గింజ నూర్చి, ఎండబెట్టి, పొడి గాలి తోలే రోజుల్లో మళ్లీ తెరిచి పోసేవాళ్లు. మధ్యలో మబ్బు పట్టిన రోజున ఎవరైనా 'గాలాడనీ' అని తెరవబోతే తిట్లే. ఉక్కగాలి నీళ్లు మోసుకుని వస్తుంది, చల్లటి గుంతలో దిగిన చోటే వాటిని దించేసుకుని పోతుంది. ఎండలో వేడెక్కిన రాగులను కూడా ఆ వేడి మీద పోయనిచ్చేవాడు కాదు. రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున మంచు తడి పూర్తిగా పోయాక మొదలుపెట్టేవాడు.

పోయడం కూడా ఒక వరస ప్రకారమే. అడుగున రాగిగడ్డి మందంగా, పక్కలకు జొన్నచొప్ప నిలువుగా, మధ్య మధ్య వేపాకు. పైన గింజ మీద పొట్టు, పొట్టు మీద గడ్డి, దాని మీద బండ. బండ చుట్టూ మెత్తిన మన్ను మధ్యలో ఉబ్బెత్తుగా ఉండాలి, పైన కడవెడు నీళ్లు ఒలికినా పక్కకు జారిపోయేట్టు. రాగి గింజ చిన్నది, పురుగు తొలిచి లోపల కాపురం పెట్టేంత చోటుండదు. అందుకే పాతరలో రాగులు ఏళ్ల తరబడి నిలిచేవి. జొన్నకు అంత ఓపిక లేదు.

మూసిన పాతర లోపల ఏం జరుగుతుందో ఇంగ్లండులో పీటర్ రేనాల్డ్స్ అనే ఆయన 1970లలో బట్సర్ అనే చోట గుంతలు తవ్వి, ధాన్యం పోసి చూశాడు. అక్కడి ఇనుప యుగపు జనం కూడా ఇలాగే దాచుకునేవాళ్లు. గోడకు ఆనిన గింజలు కొన్ని చెమ్మకు మొలకెత్తి, లోపలి ప్రాణవాయువును తినేసి బొగ్గుపులుసు గాలిని వదులుతాయి. అది నిండాక పురుగూ బతకదు, మిగతా గింజా మొలవదు, నిద్రపోతుంది. అంటే అంచున కొంచెం పోగొట్టుకుని నడిమిది కాపాడుకోవడం. మా వాళ్లు ఆ అంచు గింజను గొడ్లకు వేసేవాళ్లు. మాల్టా దీవిలో ఫ్లోరియానా ఊరి మైదానంలో నైట్లు అనే క్రైస్తవ యోధుల కాలపు పాతరలు గుండ్రటి రాతి మూతలతో వరసగా ఇప్పటికీ కనిపిస్తాయి. మనవాళ్లు మూతను చాప కింద దాచారు, వాళ్లు గుడి ముందు బయట పెట్టారు. దొంగల భయంలో తేడా కాబోలు.

ఆ గాలే మనుషులనూ చంపింది. తెరిచిన వెంటనే దిగినవాడు దిగినట్టే కూలిపోతాడు, వాణ్ని లాగబోయి దిగినవాడు కూడా పోతాడు. దీపం దించి చూడటం అప్పటి పద్ధతి. దీపం ఆరితే దిగకూడదు. ఆరలేదని దిగడం కూడా నేను ఒప్పుకోను, అందులోనూ లోపల మంట పెట్టిన పాతరలోకి. పొగ పోయినా కనబడని విషం మిగిలి ఉంటుంది. ఈ రోజుల్లో ఫ్యాను పెట్టి, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు మనుషులు లేకుండా నా కూలీలను ఎవరి పాతరలోకీ దించను.

కంపెనీ తరఫున 1800లో మైసూరు సీమంతా తిరిగిన డాక్టరు ఫ్రాన్సిస్ బుకానన్ ఈ పాతరల గురించి రాసుకున్నాడు. సన్నటి నోరు, లోపల గది, అడుగునా పక్కలా గడ్డి. ఆయన పుస్తకం 1807లో లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయింది. మా తాత చెప్పినదానికీ ఆ దొర రాసినదానికీ పెద్ద తేడా లేదు. ఆరబెట్టడం గురించి మాత్రం ఆయన అడిగి ఉంటే ఇంకొన్ని పేజీలు నిండేవి.

పాతరలు నిండి ఉంటే ఒకటి రెండు కరువులు దాటొచ్చు. వరసగా వస్తే దాటలేం. 1876లో మొదలైన ధాతు కరువు దాన్నే చూపించింది. మైసూరు రాజ్యంలో 1871 లెక్కల్లో 50 లక్షల పైచిలుకు జనం, 1881 లెక్కల్లో 42 లక్షల లోపు. అయితే అప్పుడు పాతర అందరికీ లేదన్నది కూడా చెప్పాలి. తవ్విన మా ఇంట్లోనే పాతర లేదు. ఒడ్డెరవాళ్లకు ఏడాదికి మిగిలేది ఒక దొంతి నిండితే గొప్ప. పాతరను ఊరంతటి ముందుచూపు అని పొగిడేవాళ్లు ఆ గింజ ఎవరి పడసాల కింద ఉండేదో కూడా ఒకసారి ఆలోచించాలి.

పాతర పోవడానికి ఎక్కువ కథ లేదు. వేరుశనగ వచ్చింది. పోయిన శతాబ్దం రెండో సగంలో మా దిక్కున రాగి, కొర్ర, జొన్న వేసే చేలన్నీ కాయల కిందికి పోయాయి. కాయను పాతరలో పోస్తే నూనెతో ముక్కిపోతుంది, చెమ్మ తగిలితే బూజు విషం పడుతుంది. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు మందలు మందలుగా చచ్చినప్పుడు ఆ విషం బయటపడింది, వాటి దాణాలోని వేరుశనగ పిండిలోనే. కాబట్టి కాయను కల్లంలోంచే మండీకి తోలడం అలవాటైంది. తినడానికి సొసైటీ బియ్యం. 2013లో అన్నభాగ్య పథకం వచ్చాక రాగిముద్ద వారానికి రెండు మూడు సార్లకు దిగిన ఇళ్లు నాకు తెలుసు.

తర్వాత సోలారు పార్కు వచ్చింది. తిరుమణి, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు, మా బలసముద్రం, ఈ అయిదు ఊళ్ల పొలాలు, మొత్తం 13,000 ఎకరాలు, కంపెనీల పలకల కిందికి వెళ్లాయి. పార్కు 2018లో మొదలై 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. భూమి అమ్మలేదు, మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్లకోసారి నూటికి అయిదు పెరుగుదల. పంట లేదు కాబట్టి దాచే గింజ లేదు. కౌలు డబ్బుతో మిద్దెలు పడగొట్టి స్లాబు ఇళ్లు లేచాయి. నాకు పని దొరికింది, అబద్ధం చెప్పను. అయితే జేసీబీ పళ్లకు పాతరలు తగలడం కూడా అప్పుడే మొదలైంది.

పాత మిద్దెలను నిలుపుకున్నవాళ్ల పాతరలకు వచ్చిన కష్టం వేరే. వందేళ్లు పొడిగా ఉన్న గుంతలు ఇరవై ఏళ్లలో చెమ్మగిల్లాయి. ఊరు మారింది, నీటి దారులు మారాయి. వీధిలో సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు పోశారు. ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్లే గడపలోకి ఇప్పుడు మెట్టు దిగి పోవాలి. వీధి నీళ్లన్నీ గోడ మొదట్లో నిలుస్తాయి. స్నానాల బచ్చలి ఇంటి లోపలికి వచ్చింది, దాని గుంత పాతరకు నాలుగు మూరల దూరంలో తవ్వారు. మట్టిగోడకు సిమెంటు పూత వేశారు. మన్ను, సున్నం తడిని పీల్చినా మళ్లీ వదిలేస్తాయి. సిమెంటు వెనక చిక్కిన తడికి బయటికి దారి లేక పైకి పాకుతుంది, ఉప్పు తేలుతుంది, పెచ్చులు ఊడతాయి. పెచ్చులు ఊడిన చోట మళ్లీ సిమెంటే పూస్తారు! ఇంత చాలదన్నట్టు 2022లో మా వైపు ఏళ్లుగా చూడనంత వాన పడింది. అడుగున ఊట కనబడిందని చాలామంది భయపడ్డారు.

అప్పుడు నన్ను పిలిచిన ఇళ్లలో ఒకటి పెద్ద పడసాల మిద్దె. ఆ ఇంటి అక్క అప్పటికే పాతర నోరు తెరిచి, రాత్రింబవళ్లు గాలాడేట్టు వదిలేసింది. అది శ్రావణం. లోపల పక్కల మీద నీళ్లు బొట్లు కట్టి ఉన్నాయి.

"మూసేయక్కా" అన్నాను.

"మూస్తే ఎట్లారుతాది మేస్త్రీ?"

"తెరిస్తేనే తడుస్తాండాది."

నమ్మలేదు. మా చెల్లెలి కొడుకు అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటాడు. అక్కడ చాలా ఇళ్లు నేలకు రెండు మూడు అడుగుల ఎత్తున కట్టి, కింద పాకుతూ పోయేంత ఖాళీ వదులుతారు. గాలి ఆడితే ఆరుతుందని చుట్టూ కన్నాలు పెట్టే పద్ధతి చాలా కాలం నడిచింది. 1999 తుపానుకు మునిగిన ప్రిన్స్‌విల్ అనే ఊళ్లో, 2000 తర్వాత పన్నెండు ఇళ్లు తీసుకుని పరీక్ష చేశారు. కన్నాలు మూసి, నేల మీద ప్లాస్టిక్ పరిచిన ఇళ్ల అడుగు భాగాలు ఎండాకాలమంతా పొడిగా ఉన్నాయి. కన్నాలున్నవి చెమర్చాయి. అక్కడి ఎండాకాలం మన శ్రావణం గాలి లాంటిదే. ఈ సంగతి మేనల్లుడు ఫోనులో చెబితే అక్కకు వినిపించాను. తాత మాటకు లేని విలువ నార్త్ కరోలినాకు ఉంది. మూసింది.

పాతరలోకి పోయే ముందు పాతర బయట పని చేయాలి. బచ్చలి గుంతను పూడ్చి, నీటిని గొట్టంతో పెరటి చివరికి తీసుకుపోయాం. వీధివైపు గోడ వెంట మూరెడు లోతు కాలువ తవ్వి గరుసు, గులకరాళ్లు నింపి, వాలు పల్లం వైపు పెట్టాం. గోడ అడుగు భాగంలో సిమెంటు పూత నడుము ఎత్తు వరకు చెక్కేసి వదిలేశాం. ఎండ తగిలి గోడ ఆరాకే సున్నం పూత. ఇదంతా అయ్యేసరికి కార్తీకం దాటింది. శివరాత్రి వెళ్లాక, గాలి పొడిబారాక బండ తీసి, పొద్దెక్కాక తెరవడం, సందెవేళ మూయడం. కింద పళ్లెంలో సున్నపు గడ్డలు పెట్టాం. అవి నీరు పీల్చి పొడి అయిపోయేవి, కొత్తవి పెట్టేవాళ్లం. మంట పెట్టలేదు. పైన దూలాలు వందేళ్లవి, పక్కన గ్యాసు బండ.

వైశాఖంలో చిప్పెడు ఉప్పు దించాను. ఈ రోజుల్లో కల్లుప్పు దుకాణంలో అడిగితే వింతగా చూస్తారు, గొడ్లకు పెట్టేదే తెచ్చాను. తెల్లారి గలగలలాడింది.

"రాగులు పోయొచ్చునా?" అని అడిగింది అక్క.

"ఒక వానాకాలం మూసి చూడక్కా. దీపావళికి మళ్లీ ఉప్పు దించుదాం."

ఆమె కొడుకు అక్కడే ఉన్నాడు. రాగులు ఎవరు పోస్తారు, పూడ్చి టైల్స్ వేద్దాం అన్నాడు. అదీ తప్పు కాదు, ఇల్లు వాళ్లది. పూడ్చేవాళ్లకు నేను చెప్పేది కూడా ఒకటుంది. పడగొట్టిన గోడల మన్ను, విరిగిన పెంకులు, ప్లాస్టిక్ సంచులు పారబోసి పైన కాంక్రీటు పోయొద్దు. అది రెండు వానలకు కుంగుతుంది, టైల్సూ కుంగుతాయి. ముందు పాత గడ్డీ బూజూ పూర్తిగా తీసేయాలి. పొడి గరుసు జానెడు మందం పోసి దిమ్మిసతో కొట్టాలి, మళ్లీ జానెడు, మళ్లీ దిమ్మిస, మెడ వరకు అలాగే. మెడ దగ్గరి రాతి కట్టు మాత్రం తీయొద్దు, పడసాల గోడ బరువు సగం దాని మీదే ఉంటుంది. మధ్యరకం పాతరకు రెండు ట్రాక్టర్ల గరుసు పడుతుంది. పని ఎండాకాలంలోనే పెట్టుకోండి.